చిన్నప్పటి గాయాలు ఉన్నవాళ్లకు కాలం వేరేలా నడుస్తుందా?

మీరు అడిగింది ఇది: చిన్నతనమంతా ఇంట్లో భయంతో గడిచింది, ఇప్పుడు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు, పాత సంగతులు నిన్న జరిగినట్టే ఉంటాయి, ముందు ఏం చేయాలో ఆలోచిద్దామంటే బుర్ర ఖాళీ అయిపోతుంది, ఇది మీకొక్కరికేనా అని. మీకొక్కరికే కాదండీ. నాకు ఏళ్ల తరబడి అలాగే ఉండేది, ఇప్పటికీ కొన్ని రోజులు అలాగే ఉంటుంది.

నేను పెరిగిన ఇంట్లో మా నాన్న ఎప్పుడు ఏ మూడ్‌లో వస్తారో తెలిసేది కాదు. గేటు గడియ చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా ఉండబోతుందో లెక్కేసుకునేదాన్ని. మెల్లగా పడితే ఫర్వాలేదు. విసురుగా పడిందంటే పుస్తకాలు గబగబా సర్దేసి తమ్ముణ్ణి తీసుకుని వెనక గదిలోకి పోవడమే. అలా పెరిగే పిల్లకి కాలమంటే రాబోయే పది నిమిషాలే. పెద్దయ్యాక ఏమవుతానో ఊహించుకోవాలంటే ముందు ఈ రాత్రి ఏ గొడవా లేకుండా గడుస్తుందన్న ధీమా ఉండాలి. మిగతా పిల్లలు ఆడుతూ పాడుతూ ఆ ఊహలు అల్లుకునే వయసులో మన మనసు కాపలా పనిలో ఉండిపోయింది. అందుకే మీ బుర్ర ఖాళీ అవడాన్ని బద్ధకమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇక గతం సంగతి. నాకిప్పటికీ ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే గుండె దడదడలాడుతుంది, భుజాలు బిగుసుకుపోతాయి. ఆ క్షణంలో నాన్న గుర్తుకు రారు, ఏ సంఘటనా కళ్ల ముందు మెదలదు. ఒళ్లు మాత్రం ఆ వెనక గదిలో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఆంకె ఏలర్స్, డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్తలు 2000లో దీన్ని వివరించారు. బాగా భయపడిన సమయంలో ఏర్పడిన జ్ఞాపకం అది ఎప్పుడు, ఎక్కడ జరిగిందన్న వివరంతో సరిగ్గా ముడిపడదని, అందువల్ల అది తిరిగొచ్చినప్పుడు ప్రమాదం ఇప్పుడే ఉన్నట్టు తోస్తుందని వాళ్లు చెప్పారు. ఇది చదివాక నాకు చాలా ఊరట కలిగింది. "జరిగిపోయిందేదో జరిగిపోయింది, మర్చిపో" అని చుట్టూ ఉన్నవాళ్లు అనేవారు కదా, నా ఒంటికి అదింకా జరిగిపోలేదు, మర్చిపోవడం ఎలా కుదురుతుంది?

డిప్రెషన్ దీనికి ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. మా థెరపిస్ట్ ఒకసారి "చిన్నప్పటి మంచి జ్ఞాపకం ఒకటి చెప్పండి" అన్నారు. "సెలవుల్లో అమ్మమ్మ దగ్గర బావుండేది" అన్నాను. ఏదైనా ఒక్క రోజు, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నారు. ఎంత వెతుక్కున్నా ఒక్క రోజూ దొరకలేదు. 1986లో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ ఆత్మహత్యాయత్నం చేసి బతికినవాళ్లలో ఇదే గమనించారు. ఫలానా సంఘటన చెప్పమంటే వాళ్ల జవాబులు తరచూ "అప్పట్లో ఇలా ఉండేది" అన్న ధోరణిలో ఉండేవి. గతం అలా పొగమంచులా ఉన్నవాళ్లకు భవిష్యత్తు కూడా వివరంగా కనపడదని విలియమ్స్ బృందమే తర్వాత చూపించింది. రేపటి ఊహకి కావలసిన ముక్కలు మనం నిన్నటిలోంచే తీసుకుంటాం మరి.

మధ్యాహ్నం ఎంతకీ గడవదు, తిరిగి చూస్తే మాత్రం సంవత్సరాలు ఏమైపోయాయో తెలీదు. మీకూ ఇలా ఉంటే కంగారు పడకండి. 2015లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో డిప్రెషన్ ఉన్నవాళ్లకు కాలం నెమ్మదిగా సాగుతున్నట్టు అనిపిస్తుందని తేలింది. ఇన్ని సెకన్లు, ఇన్ని నిమిషాలు అని అంచనా వేయమంటే మాత్రం మిగతావాళ్లతో పోలిస్తే పెద్ద తేడా కనపడలేదు.

నాకు పనికొచ్చినవి చెబుతాను. దడ మొదలైనప్పుడు ఇది ఏ సంవత్సరం, నా వయసెంత, నేనున్న ఈ ఇంటి తాళం ఎవరి దగ్గరుందో పైకి అనుకుంటాను. తాళం నా దగ్గరే ఉంది. ఈ మాట ఒంటికి ఎక్కడానికి టైమ్ పట్టింది కానీ ఎక్కింది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగినదొకటి రాసుకుంటాను, ఎక్కడ, ఎవరితో, ఏమన్నారు అన్నంత వివరంగా. పెద్ద విషయం కానక్కర్లేదు. ఇక ప్లాన్లంటారా, రెండు మూడు రోజుల దూరం దాటనివ్వను. శనివారం పొద్దున ఫ్రెండ్‌తో నడక అని రాసుకుంటే మనసు బాగున్నా లేకపోయినా వెళ్లడమే. మూడ్ వచ్చాక చేద్దామని ఆగకుండా పని ముందు పెట్టుకోవడం డిప్రెషన్ చికిత్సలో 1970ల నుంచీ ఉన్న పద్ధతే. ధ్యానం మాత్రం జాగ్రత్త. "వర్తమానంలో ఉండు" అని కళ్లు మూసుకోమంటే నాకు పాతవన్నీ ఒక్కసారిగా మీద పడేవి. కళ్లు తెరిచి, పాదాలు నేలకి ఆనించి కొద్దిసేపు కూర్చుంటే చాలనిపించింది.

ఒక విషయం ఎవరూ ముందుగా చెప్పరు. మందులు పనిచేసి మనసు కాస్త తేరుకున్నాక పోయిన ఏళ్ల దుఃఖం వస్తుంది. తోటివాళ్లు చదువులు, ఉద్యోగాలు, పిల్లలు అంటూ ముందుకెళ్లిన కాలమంతా మనం కేవలం తట్టుకోవడానికే ఖర్చు చేశామని అప్పుడు కనిపిస్తుంది. జబ్బు తిరగబెట్టిందేమో అని నేను హడలిపోయాను. మా డాక్టర్ ఏమన్నారంటే, ఇన్నాళ్లూ ఆ బాధ పడే ఓపిక కూడా లేదు, ఇప్పుడొచ్చింది, ఏడవండి అని. నిజంగానే చాలా ఏడ్చాను. ఆ ఏళ్లు తిరిగి రావు, వాటికి బదులుగా ఇంకేదో దొరుకుతుందని మీతో అబద్ధం చెప్పలేను. కానీ ఆ ఏడుపు అయ్యాకే వయసుని ఇతరులతో పోల్చుకోవడం తగ్గింది.

మీ డాక్టర్‌కి "నిద్ర పట్టడం లేదు, దిగులుగా ఉంది" అని చెప్పి ఊరుకోకండి. ఇక్కడ రాసినట్టే, పాతవి ఇప్పుడు జరుగుతున్నట్టు ఉంటాయని, ముందు కాలం ఊహకి అందదని, చిన్నప్పుడు ఇంట్లో ఏం జరిగిందో చెప్పగలిగినంత చెప్పండి. ట్రామా, అంటే ఇలా మనసుకి తగిలిన పాత గాయాల మీద పనిచేసే థెరపీలు వేరుగా ఉన్నాయి, మందులతో పాటు అవి అవసరమేమో అడగండి. మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ముందు కాలం కనపడకపోవడం కాస్తా "నేను అక్కడ ఉండనక్కర్లేదు" అన్న ఆలోచనగా మారితే మాత్రం వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రోజే డాక్టర్‌కో, మీకు నమ్మకమున్న మనిషికో ఫోన్ చేసి ఆ మాట ఆ మాటగానే చెప్పండి.