ప్రైవేటు స్కూల్ టీచర్ రాజీనామా చేస్తే గ్రాట్యుటీ వస్తుందా?

వస్తుంది: పది మంది లేదా అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న స్కూల్లో ఐదేళ్లు వరుసగా పనిచేసిన టీచర్, జీతం చాలక వేరే ఉద్యోగం చూసుకుని తనంతట తానే మానేసినా గ్రాట్యుటీకి, అంటే చేసిన సర్వీసుకు గుర్తింపుగా ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తానికి, హక్కుదారే.

టీచర్లకు ఇది వర్తించదన్న మాట ఇప్పటికీ వినిపించడానికి ఒక కారణం ఉంది. అప్పటి గ్రాట్యుటీ చట్టంలోని నిర్వచనం ప్రకారం టీచర్లు 'ఉద్యోగి' కిందికి రారని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లోటు సరిచేస్తూ పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా. ప్రైవేటు స్కూళ్లు కోర్టుకెళ్తే, ఆ సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టే తేల్చింది. కాబట్టి పాత తీర్పు చూపించి డబ్బు ఎగ్గొట్టడం కుదరదు.

లెక్క ఇలా: చివరి నెల బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో, ఆపై సర్వీసు ఏళ్లతో గుణించాలి. 13,000 మీద ఎనిమిదేళ్లకు 60,000 రూపాయలు. అంత తక్కువ జీతంతో ఇల్లు నెట్టుకొచ్చిన మనిషికి ఇది నాలుగు నెలల జీతానికి పైమాటే.

రిటైరైతేనే ఇస్తారు, రాజీనామా చేస్తే పోతుంది అనుకోవడం చాలామంది పడే పొరపాటు. చట్టం రాజీనామాను కూడా స్పష్టంగా లెక్కలోకి తీసుకుంది. రాతపూర్వకంగా అడగండి. స్కూలు 30 రోజుల్లో చెల్లించాలి, లేదంటే కార్మిక శాఖలో ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు చేతికి రాకముందే 'బకాయిలేమీ లేవు' అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.