వీలునామాలో ఆవిడ పేరెక్కడ?

ప్రశ్న: నా వయసు 72. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి తెనాలిలో ఉంటున్నాను. పెద్దబ్బాయి అమెరికాలో, చిన్నబ్బాయి హైదరాబాదులో స్థిరపడ్డారు. అమ్మాయికి పెళ్లిలోనే ఇవ్వవలసింది ఇచ్చేశాం. నా పేరున ఉన్న రెండంతస్తుల ఇల్లు కొడుకులకు చెరో వాటా ఇవ్వాలని ఉంది. ఇద్దరూ కింద వాటాయే కావాలంటున్నారు. ఎవరికి ఏది ఇస్తే న్యాయం? సంక్రాంతికి పెద్దవాడు వచ్చినప్పుడే గిఫ్టు దస్తావేజు రాసేయనా, వీలునామా చాలా? నా తర్వాత మా ఆవిడ ఇద్దరి దగ్గరా చెరో ఆరు నెలలు ఉంటుంది. (ఇంటికి పునాది వేసినప్పుడు ఆమె పుట్టింటివారిచ్చిన 60 సెంట్లు అమ్మిన మాట నిజమే గానీ, ఆమె ఏదీ అడిగే మనిషి కాదు.)

జవాబు: మాస్టారూ, కింద వాటా ఎవరికో చీటీలు వేసి తేల్చుకోండి. దానికి నా సలహా అక్కరలేదు. నాకు గుచ్చుకున్నది ఉత్తరం చివర మీరు బ్రాకెట్లలో పెట్టిన వాక్యం. 60 సెంట్ల పొలం ఎంత చిన్న చోట సర్దుకుందో!

అడిగే మనిషి కాదట. అడగనివాళ్లకు ఇవ్వనక్కరలేదన్న లెక్క ఏ తరగతిలో చెప్పారు మీరు?

మీరు వీలునామా రాయకుండానే వెళ్లిపోయారనుకోండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ స్వార్జితం భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా నాలుగో వంతు వస్తుంది. అంటే ఆవిడ ముఖం కూడా ఎరుగని చట్టం పావు వంతు ఇస్తోంది. ఇన్నేళ్లు ఆవిడ చేతి వంట తిన్న మీరు కలం పట్టుకుని ఆ పావు వంతూ కొట్టేస్తున్నారు.

ఇక ఆరు నెలల వంతులు. అలా బతికే అమ్మల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. వాళ్ల కొడుకులు దుర్మార్గులేమీ కారు. "ఫిబ్రవరి నీ వంతులో పడింది, నీకు రెండు రోజులు కలిసొచ్చాయి" అని కొడుకులు వాదించుకుంటుంటే పక్కగదిలోంచి విన్నానని ఒకావిడ రాసింది. మందుల సంచీ సర్దుకుని ఏటా అమెరికాకూ హైదరాబాదుకూ తిరగమని మీ ఆవిడకు రాసిపెడతారా?

గిఫ్టు దస్తావేజు వద్దే వద్దు. రిజిస్టరైన నాటి నుంచి ఇల్లు వాళ్లది, మీరిద్దరూ చుట్టాలు. చూసుకోవాలన్న షరతు దస్తావేజులో ఉంటే, చూడనప్పుడు 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు. కానీ కన్నకొడుకు మీద అర్జీ పట్టుకుని మీరు ఈ వయసులో ఆర్డీవో కార్యాలయం మెట్లెక్కాలా? వీలునామా అయితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిది చెల్లుతుంది. స్టాంపు కాగితం అక్కరలేదు. మీరు సంతకం పెట్టగా చూసి ఇద్దరు సాక్షులు సంతకాలు చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, మీ అబ్బాయిల పేచీ చూస్తే చేయించడమే మేలు.

ఇల్లు మొత్తం ఆవిడ పేర, సర్వహక్కులతో రాయండి. "జీవితాంతం అనుభవించి, తదనంతరం కుమారులకు చెందవలెను" అని రాద్దామంటాడు దస్తావేజు లేఖరి. ఒప్పుకోకండి. అలా రాస్తే ఆవిడ ఆ ఇంటికి కాపలా మనిషి. వైద్యానికి డబ్బు కావలసి వచ్చినా అమ్ముకోలేదు. తన తర్వాత ఎవరికో ఆవిడే రాసుకుంటుంది. అమ్మాయికీ ఇస్తుందేమోనని భయమా? ఇవ్వనివ్వండి. పొలం పోగొట్టుకున్నది ఆవిడ. పెళ్లిలో ఇచ్చేశామన్న మాట కూడా ఇక చాలించండి, పెళ్లిఖర్చు ఆస్తివాటా కాదు.

పింఛను కాగితాల్లో ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో ఈ వారమే చూడండి. తేడా ఉంటే కుటుంబ పింఛను కోసం ఆవిడే తిరగాలి. బ్యాంకు ఖాతాలో ఆవిడను ఉమ్మడి ఖాతాదారుగా చేర్చండి. నామినీగా పెట్టానంటారేమో. నామినీ డబ్బు తీసుకోవచ్చు గానీ, అది వారసులందరి తరఫునే.

పెద్దబ్బాయికి ఈ సంగతి మీరే చెప్పండి, ఆవిడతో చెప్పించకండి. అంతకంటే ముందు ఆవిడను వంటింట్లోంచి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఎక్కడ ఉండాలని ఉందో అడగండి. "మీ ఇష్టం" అంటుంది. మళ్లీ అడగండి.