డూప్లెక్స్‌లో కింద చలి, పైన ఉడుకు: గ్రిల్ మూయకండి, ముందు డ్యాంపర్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మిర్యాలగూడలో డూప్లెక్స్ ఇల్లు, రెండు అంతస్తులకూ కలిపి ఒకటే 5.5 టన్నుల డక్టబుల్ ఏసీ (ఒకే మిషన్ నుంచి రేకు గొట్టాల్లో, అంటే డక్టుల్లో, అన్ని గదులకూ చల్లగాలి పోయే రకం), కింద హాల్లో దుప్పటి కప్పుకునేంత చలి, పైన పడకగది మాత్రం అర్ధరాత్రి దాకా చల్లబడదు. వచ్చిన మెకానిక్ కింద గాలి బయటికి వచ్చే జాలీలు, అదే గ్రిల్స్, రెండు మూసేయమన్నాడు, మూయొచ్చా అని అడిగారు.

వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. మాది మహబూబ్‌నగర్, మా ఇంట్లోనూ ఇదే ఏర్పాటు, ఇదే గొడవ. మాకూ మొదట వచ్చినాయన ఇదే సలహా ఇచ్చాడు. తర్వాత హైదరాబాద్‌లో ఆసుపత్రులకు డక్ట్ పని చేసే మా మేనమామ కొడుకు ఇంటికి వచ్చి, ఫాల్స్ సీలింగ్‌లో తెరిచి చూసేందుకు పెట్టే చిన్న తలుపు, ట్రాప్ డోర్‌లోంచి తల పెట్టి చూసి, గ్రిల్స్ జోలికి పోకుండా లోపలి డ్యాంపర్లు సరిచేశాడు. నేను రాసేది చాలావరకు ఆయన పక్కన నిచ్చెన పట్టుకుని నేర్చుకున్నదే.

డ్యాంపర్ పెద్ద యంత్రమేమీ కాదు. డక్ట్ లోపల ఒక ఇరుసు, దాని మీద తిరిగే రేకు, బయట చిన్న హ్యాండిల్, అంతే. హ్యాండిల్ డక్ట్ పొడవునా ఉంటే తెరిచి ఉన్నట్టు, డక్ట్‌కు అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. హ్యాండిల్ ఊడిపోయి ఉంటే ఇరుసు కొసన సన్నటి గాటు కనిపిస్తుంది, లోపలి రేకు ఎటు ఉందో అదే చెబుతుంది. పెద్ద చదరపు డక్టుల్లో ఒకే రేకు బదులు వరసగా నాలుగైదు రేకులు ఉంటాయి. పనివాళ్లు దీన్ని వీసీడీ (వాల్యూమ్ కంట్రోల్ డ్యాంపర్) అంటారు, అడిగేటప్పుడు ఆ మాటే వాడండి, వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. డ్యాంపర్ చల్లదనాన్ని పుట్టించదు. కాలువలో ఒక మడి గండి మూస్తే నీళ్లు పక్క మడికి పోతాయి గానీ బోరు ఎక్కువ పోయదు కదా, ఇదీ అంతే. మిషన్ తోసే గాలి ఎంతో అంతే, దాన్ని ఏ గదికి ఎంత పంపాలన్నదే డ్యాంపర్ పని.

మరి గ్రిల్ మూసినా అదే పని అవుతుంది కదా అంటారేమో. కొంత అవుతుంది, కానీ చెడ్డగా అవుతుంది. గాలి గ్రిల్ దాకా వచ్చి మూతి దగ్గర ఆగుతుంది కాబట్టి ఆ సన్న సందుల్లోంచి ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది. డక్ట్‌లో ఒత్తిడి పెరిగి, అతుకులు సరిగా సీల్ చేయని చోటల్లా చల్లగాలి ఫాల్స్ సీలింగ్ పైన వృథాగా కారిపోతుంది (మన దగ్గర అతుకులకు టేప్ సరిగ్గా చుట్టే వాళ్లు ఎంతమందో మీకు తెలియంది కాదు). అదే డ్యాంపర్‌ను కొమ్మ డక్ట్ మొదట్లో, అంటే మెయిన్ డక్ట్ నుంచి చీలే చోట పెడితే, చప్పుడు దూరంలోనే ఉండిపోతుంది, మళ్లిన గాలి అక్కణ్నుంచే వేరే దారి పడుతుంది.

అసలు ప్రమాదం ఇంకోటి. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కాయిల్ (మిషన్ లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీదుగా పోవాలన్నది మామూలు లెక్క, అంటే మీ 5.5 టన్నులకు 2,200 దాకా. రెండు మూడు గ్రిల్స్ మూసేస్తే ఇది బాగా పడిపోతుంది. తగినంత వెచ్చటి గాలి తగలక కాయిల్ సున్నా డిగ్రీల కిందికి పోతుంది, దాని మీది తేమ మంచుగా గడ్డకడుతుంది, ఆ మంచు వచ్చే కాస్త గాలికీ అడ్డం పడుతుంది. అప్పుడు గ్యాస్ పూర్తిగా ఆవిరి కాకుండా ద్రవంగానే కంప్రెసర్‌కి చేరితే కంప్రెసర్ పోతుంది. ఇన్వర్టర్ మిషన్ అయితే తనంతట తాను కొంత తగ్గించుకుంటుంది, పాత ఫిక్స్‌డ్ స్పీడ్ మిషన్‌కు ఆ తెలివి లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందు అన్ని డ్యాంపర్లూ, అన్ని గ్రిల్సూ పూర్తిగా తెరవండి, ఫిల్టర్ కడగండి. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం మిషన్ గంట నడిచాక ఏ గది అన్నిటికన్నా వేడిగా ఉందో చూడండి, ఆ గది డ్యాంపర్‌ను ఇక ముట్టుకోవద్దు, అది పూర్తిగా తెరిచే ఉండాలి. మిగతావాటిలో ఎక్కువ చల్లబడుతున్న గదిది, మీకైతే కింది హాలుది, కొద్దిగా తిప్పండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, రేకును సగం తిప్పితే గాలి సగానికి తగ్గుతుందనుకుంటాం గానీ తగ్గదు, మొదట్లో ఎంత తిప్పినా తేడా పెద్దగా తెలియదు, చివర్లో మూసుకునే ముందు ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే సగం దాటాక చాలా చిన్నగా తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ హ్యాండిల్ ఉన్న చోట మార్కర్‌తో గీత పెట్టి, నట్ బిగించి, కనీసం మర్నాటి మధ్యాహ్నం దాకా ఆగండి. గోడలు, సామాను అన్నీ కొత్త వేడికి సర్దుకోవాలి, పది నిమిషాల్లో తీర్పు చెప్పకూడదు. ఒక గదిలో గాలి తగ్గిస్తే మిగతా అన్నిట్లో కొంచెం పెరుగుతుంది కాబట్టి ఒక్కరోజులో అయ్యే పని కాదు, మాకు వేసవి మొదట్లో మొదలుపెడితే ఎండలు ముదిరేదాకా నడిచింది.

మధ్యమధ్యలో మామూలు థర్మామీటర్‌తో మిషన్ లోపలికి పోయే గాలి, గ్రిల్ నుంచి బయటికి వచ్చే గాలి మధ్య తేడా చూస్తూ ఉండండి. 8 నుంచి 12 డిగ్రీలుంటే ఫరవాలేదు. అంతకన్నా బాగా ఎక్కువైతే గాలి తక్కువ పోతోందని అనుమానించి, మూసిన డ్యాంపర్లలో ఏదో ఒకటి మళ్లీ తెరవండి.

మీది మిర్యాలగూడ కాబట్టి ఫిల్టర్ గురించి గట్టిగా చెప్పాలి. రైస్ మిల్లుల వైపు ఇల్లైతే ఊక బూడిద, దుమ్ము కలిసి ఫిల్టర్‌ను తొందరగా మూసేస్తాయి. డ్యాంపర్లన్నీ తెరిచి ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే జరిగే నష్టం పైన చెప్పిందే, కాయిల్‌కు రెండూ ఒకటే. అలాగే పై పడకగదిలో రిటర్న్ గ్రిల్, అంటే గది గాలి తిరిగి మిషన్‌కు పోయే జాలీ, ఉందా? లేకపోతే తలుపు మూయగానే లోపలికి వచ్చిన గాలికి పోయే దారి ఉండదు, కొత్త గాలి రాదు. రాత్రి ఒకసారి తలుపు తెరిచి పడుకుని చూడండి, గది చల్లబడిందంటే తప్పు డ్యాంపర్‌ది కాదు. తలుపు కింద అంగుళం దాకా ఖాళీ వదిలినా, పైన చిన్న గ్రిల్ పెట్టించినా సరిపోవచ్చు.

సీలింగ్ తెరిచి చూస్తే అసలు డ్యాంపరే లేకపోయే అవకాశమూ ఉంది. డబ్బు మిగులుతుందని కాంట్రాక్టర్లు వదిలేస్తారు, ఉన్నా ట్రాప్ డోర్ పెట్టరు. లేకపోతే పెట్టించుకోవచ్చు, చేత్తో తిప్పేవి ఖరీదైనవి కావు, సీలింగ్ కోసి మళ్లీ అతికే ఖర్చే ఎక్కువ. పైకి పోయే డక్టే సన్నగా వేసి ఉంటే మాత్రం కింద ఎంత మూసినా లాభం లేదు.

మోటార్‌తో తిరిగే డ్యాంపర్ల గురించి కూడా అడిగారు. అంతస్తుకో థర్మోస్టాట్ పెడితే అవసరాన్ని బట్టి అవే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. అమెరికాలో మా బామ్మర్ది ఇంట్లో అలాంటివే, అక్కడ చలికాలం ఇంటిని వేడిచేసే ఫర్నేస్ నుంచి వచ్చే వేడిగాలి కూడా అదే డక్ట్‌లో పోతుంది. వేడి పైకెక్కుతుంది కాబట్టి చలికాలంలో మేడ మీదికి, ఎండాకాలంలో కిందికి గాలి తగ్గించాలి, ఏడాదికి రెండుసార్లు మార్చుకోవాల్సి వస్తుంది. మనకు హీటింగ్ పనే లేదు, ఒకసారి కుదిర్చిన అమరిక దాదాపు అలాగే ఉంటుంది, అందుకే నేనైతే మోటార్లకు డబ్బు పెట్టను. పెట్టాలనుకుంటే మాత్రం ఒక అంతస్తు మూసుకున్నప్పుడు మిగిలిన గాలి ఎటు పోతుందో, మిషన్ తన వేగం తగ్గించుకోగలదో లేదో ముందే అడగండి, దానికి సూటిగా జవాబు చెప్పలేని వాడికి అడ్వాన్స్ ఇవ్వకండి.

పైగది మీద నేరుగా స్లాబే ఉంటే ఆ డబ్బుతో ముందు స్లాబుకు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. మన తెలంగాణ రాష్ట్రం 2023లో దీనికోసం ప్రత్యేకంగా పాలసీయే తెచ్చింది. నల్లగొండ జిల్లా మే నెల ఎండకు స్లాబ్ పగలంతా తాగిన వేడి రాత్రి గదిలోకి దిగుతూనే ఉంటుంది, మీ పడకగది అర్ధరాత్రి దాకా చల్లబడకపోవడానికి సగం కారణం అదే అయ్యుండొచ్చు. పెయింట్ ఆరాక అప్పుడు డ్యాంపర్లు మొదలుపెట్టండి, లేకపోతే ఒకసారి కుదిర్చింది మళ్లీ మార్చుకోవాలి.