వడ్ల కొనుగోలు నిబంధనలు ఎవరికి ఎలా చెప్పాలి?

ప్రశ్న: వ్యవసాయ విస్తరణాధికారిగా కొత్తగా చేరాను మేడం. వడ్ల కొనుగోలు సర్క్యులర్‌ను రైతు వేదికలో చదువుతుంటే సగంలోనే లేచిపోతున్నారు. అందరికీ అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అందరికీ ఒకే మాట చెప్పకమ్మా. సర్క్యులర్ రాసింది అధికారుల కోసం. రైతుకు కావాల్సింది ‘నా కుప్ప ఇవాళ కాంటా ఎక్కుతదా’ అన్నదొక్కటే. తేమ మిషన్ పట్టుకొని కల్లానికి పో. ఆయన వడ్లే గుప్పెడు తీసి, ఆయన ముందే కొలువు. తేమ 17 శాతం దాటితే ఎందుకు వద్దంటారో చెప్పు: తడి వడ్లు నిల్వలో వేడెక్కి రంగు మారతాయి, మరలో నూకవుతాయి. కారణం చెప్పని అంకె రైతుకు తిట్టులా వినిపిస్తుంది. నేను ఉద్యోగంలో ఉండగా ఇది ఎన్నోసార్లు చూశాను. టార్పాలిన్లు ఎక్కడ దొరుకుతాయో కూడా అప్పుడే చెప్పు.

ఊళ్లో వడ్లు కొనే ఐకేపీ కేంద్రం నడిపే మహిళా సంఘాలకు మాత్రం అంకెలన్నీ కావాలి. రంగు మారిన, మొలకెత్తిన, పాడైన గింజలు కలిపి 5 శాతం, ముదరని గింజ 3 శాతం మించొద్దని పెద్దక్షరాలతో గోడకు అంటించు.

కౌలు రైతు మొదట అడిగేది ధర గురించి కాదు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందని. దానికి సూటి జవాబు కనుక్కోకుండా సభ పెట్టకు. ఆయన నష్టపోయేది అక్కడే.

పట్నం వాళ్లకైతే క్వింటా వడ్లు మర ఆడిస్తే లెక్కకు 67 కిలోల పచ్చి బియ్యమని (అంటే వడ్లు ఉడకబెట్టకుండా ఆడించినవి) మొదలుపెట్టు, వింటారు.