మంట వెనుక ఉన్న లెక్క

ప్రియమైన మిత్రమా,

జాతీయ అంతరిక్ష సంస్థల కర్బన ఉద్గారాలపై మీరు రాసిన వ్యాసం చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. ప్రయోగ వేదిక మీద ఎగసే మంటతో మొదలుపెట్టి, సంస్థ చేసే కాలుష్యమంతా ఆ మంటలోనే ఉన్నట్టు చివరిదాకా నడిపారు. వర్ణన బాగుంది కానీ, అసలు విషయంలో అధికభాగం ఆ దృశ్యానికి బయటే ఉండిపోయింది.

ఒక టన్ను కిరోసిన్ పూర్తిగా మండితే, అందులోని కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి మూడు టన్నులకు కొంచెం పైగా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ లెక్కన ఒక పెద్ద కిరోసిన్ రాకెట్ వదిలేది కొన్ని వందల టన్నులు. 2023లో ప్రపంచమంతటా 200కు పైగా ప్రయోగాలు జరిగాయి. వాటన్నింటినీ కూడినా, విమానయానం ఏటా వదిలే దాదాపు 100 కోట్ల టన్నుల పక్కన అది లెక్కకు రానంత చిన్న మొత్తం. అలాగని మంటను తేలిగ్గా తీసుకోవద్దు. కిరోసిన్ మసి నేరుగా మేఘాలకు పైన ఉండే వాతావరణ పొర అయిన స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరుతుంది, అక్కడ దాన్ని కడిగివేసే వాన ఉండదు కనుక ఏళ్ల తరబడి నిలిచి వేడిని పట్టి ఉంచుతుంది; ఘన ఇంధనం నుంచి వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఓజోన్‌కు హాని చేస్తుంది. ఇవి కార్బన్ డయాక్సైడ్ టన్నుల లెక్కలో ఇమిడేవి కావు, అందువల్ల వీటిని వేరే ప్రశ్నగా విడిగా రాయండి.

హైడ్రోజన్ రాకెట్ నుంచి నీటి ఆవిరి తప్ప మరేమీ రాదని నేనూ ఒకప్పుడు రాశాను. ఆ హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజవాయువు నుంచే తయారుచేస్తారనీ, ఆ క్రమంలో కార్బన్ డయాక్సైడ్ ఫ్యాక్టరీ దగ్గరే వెలువడుతుందనీ తెలుసుకోకుండా రాసిన ఆ వాక్యం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఉపగ్రహాన్ని కూర్చే క్లీన్ రూములో ఉష్ణోగ్రత, తేమ, ధూళి హద్దు దాటకుండా యంత్రాలు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉండాలి. పరీక్షా కేంద్రాలూ సూపర్ కంప్యూటర్లూ వాడే కరెంటు దీనికి అదనం. ఉద్గారాల లెక్కల్లో సంస్థ స్వయంగా మండించే ఇంధనాన్ని స్కోప్ 1 అనీ, కొన్న కరెంటును స్కోప్ 2 అనీ, సరఫరాదారుల తయారీ నుంచి ఉద్యోగుల ప్రయాణాల దాకా మిగిలినదంతా స్కోప్ 3 అనీ అంటారు. అంతరిక్ష సంస్థ చాలావరకు కొనుగోలుదారు. లోహాలు, ఎలక్ట్రానిక్స్, ఇంజిన్ భాగాలు బయటి కంపెనీల నుంచి వస్తాయి. అందుకే స్కోప్ 3 లేని నివేదికను నేను సగం నివేదికగానే చదువుతాను. 2022లో ఖగోళ పరిశోధన సాధనాల ఉద్గారాలను అంచనా వేసిన శాస్త్రవేత్తలు, అంతరిక్ష యాత్రలకు విడివిడి లెక్కలు అందుబాటులో లేక, ఉపగ్రహాల బరువునూ ఖర్చునూ ఆధారం చేసుకోవాల్సి వచ్చింది. ఆ పరిస్థితి ఎందుకు వచ్చిందన్నదే మీ వ్యాసానికి మంచి ప్రశ్న.

ఉద్గారాలు తగ్గిస్తామని సంస్థలు చేసే వాగ్దానాల విషయానికొస్తే, ఏ సంవత్సరంతో పోల్చి తగ్గిస్తామంటున్నారో ముందు చూడండి. ప్రయాణాలు మామూలుగా సాగిన 2019తో పోల్చడానికీ, అన్నీ ఆగిపోయిన 2020తో పోల్చడానికీ చాలా తేడా ఉంటుంది. ఆ వాగ్దానం ఎవరి అధికారంతో నిలబడి ఉందో కూడా చూడండి. అమెరికా ప్రభుత్వ కార్యకలాపాలు 2050 నాటికి నెట్ జీరోకు, అంటే వదిలేదీ తొలగించేదీ సమానమయ్యే స్థితికి, చేరాలని 2021 డిసెంబరులో వెలువడిన అధ్యక్ష ఉత్తర్వు నాసాకూ వర్తించింది. 2025 జనవరిలో ఆ ఉత్తర్వు రద్దయింది. లక్ష్యాన్ని మాత్రమే రాసి దాని పునాదిని వదిలేసిన వ్యాసాలు ఆ రోజుతో పాతబడిపోయాయి.

వాతావరణాన్ని కొలిచేది తామే కదా అని సంస్థలు చెప్పే మాటను చులకన చేయకండి. జపాన్ 2009లో పంపిన గోసాట్, నాసా 2014లో పంపిన ఓసీఓ-2 అనే ఉపగ్రహాలు లేకపోతే కార్బన్ డయాక్సైడ్ గురించి మనకు తెలిసింది ఎంతో తక్కువగా ఉండేది. అయితే ఆ మేలు సంస్థ ఉద్గారాల నుంచి తీసివేయదగిన అంకె కాదు. మీ చిత్తుప్రతి మూడో పేజీలో మీరు దాన్ని తీసివేశారు, ఆ వాక్యం తొలగించండి.

మంట దృశ్యాన్ని ఉంచుకోండి. దాని వెంటనే, ఆ రాకెట్ కొనలో ఉన్న ఉపగ్రహం అంతకుముందు ఎన్ని నెలలు ఏ గదిలో ఉందో, ఆ గదికి కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. అందుకోసం సంస్థకు ఉత్తరం రాయవలసి వస్తే ఇవాళే రాయండి, జవాబు రావడానికి చాలాకాలం పట్టవచ్చు.

మీ శ్రేయోభిలాషి