మేత లేని కొండదారి

ప్రశ్న: 1920లో రష్యా అంతర్యుద్ధంలో ఓడిన కొసాక్కులు (గుర్రపు సైనికులుగా పేరుపడ్డ జనం) పెళ్ళాంబిడ్డలతో కాకసస్ కొండల వెంట పారిపోయారని చదివాను. గుర్రమే ప్రాణంగా బతికే వాళ్ళు గుర్రాలను తుపాకీతో కాల్చేశారట. ఎందుకు? చలి వల్లా, కొండల ఎత్తు వల్లా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: చలి కన్నా, ఎత్తు కన్నా మేత లేకపోవడమే వాళ్ళను ఎక్కువ దెబ్బ తీసిందమ్మా. గుర్రాలను కాల్చడం మాత్రం కొండల కన్నా ముందు రేవులోనే మొదలైంది.

ఆ మార్చిలో బోల్షివిక్కుల ఎర్రసైన్యం తరుముకొస్తుంటే దోన్, కుబాన్ నదుల ప్రాంతాల కొసాక్కులు నల్లసముద్రం వైపు జరిగారు. నొవొరసీస్క్ రేవులో ఓడలు చాలలేదు. మనుషులకే చోటు లేదు, ఇక గుర్రాలకెక్కడిది? కొందరు అక్కడే కాల్చేశారు, కొందరు వదిలేశారు. కొసాక్కు కొలువులో చేరేటప్పుడు గుర్రాన్నీ జీనునూ తనే తెచ్చుకోవాలి. అది సర్కారు గుర్రం కాదు, ఇంట్లో సాకిన గుర్రం.

మా ఊరు కళ్యాణదుర్గం పక్కన. నేను ఏడో తరగతిలో ఉండగా కరువొచ్చి, వేరుశనగ కట్టె వామి అడుగంటింది. నాన్న ఎద్దుల జతను సంతకు తోలుకెళ్ళాడు. పలుపులు మాత్రం ఇంటికి తెచ్చి కొట్టంలో గూటానికి చుట్టాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఈ చరిత్ర పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆ పలుపులే కళ్ళ ముందు మెదిలేవి.

మార్చి 27న నొవొరసీస్క్ ఎర్రసైన్యం చేతికి పోయింది. ఓడ దొరకనివాళ్ళు కొందరు ఒడ్డు వెంట దక్షిణానికి నడిచారు. కుబాన్ సైన్యంలో ఎక్కువమంది కొండదారిన సముద్రపు ఒడ్డునున్న టువాప్సే ఊరి వైపు దిగారు. వెనకాల బండ్లలో ముసలివాళ్ళు, పిల్లలు, కల్మిక్ అనే బౌద్ధ జాతి కుటుంబాలు. అక్కడి నుంచి సోచి దాకా ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండ. మధ్యలో ఉన్నది సన్నని నేల. అక్కడి పల్లెల్లో పండే గింజలు ఆ ఊళ్ళకే అంతంతమాత్రం. అలాంటి చోట వేల గుర్రాలు వచ్చి పడితే ఏం మిగులుతుంది? ఆకులు, చెట్ల బెరడు తిని ఎన్నో దారిలోనే కూలబడ్డాయి.

అప్పటికి జార్జియా వేరే దేశం. ఈ సైన్యాన్ని సరిహద్దు దాటనివ్వలేదు. కొందరిని ఓడలు అప్పటికింకా వాళ్ళ పక్షం చేతిలోనే ఉన్న క్రిమియాకు చేర్చాయి. మిగిలిన వేలమంది మే మొదట్లో ఎర్రసైన్యానికి లొంగిపోయారు. క్రిమియాలో దిగిన కొసాక్కుల్లో చాలామందికి గుర్రం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ జీను మీదే ఉన్నవాళ్ళు, అక్కడ కాలినడక సైనికులయ్యారు.