మందార పుప్పొడి మొత్తం ఒకేసారి స్పష్టంగా కనిపించాలంటే?

ప్రశ్న: మందార పుప్పొడి రేణువును మైక్రోస్కోపులోని 40ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో (వస్తువు వైపుండే కటకంతో) చూస్తే, పైనున్న ముళ్లు స్పష్టంగా ఉన్నప్పుడు అంచు మసకబారుతోంది, అంచును సరిచేస్తే ముళ్లు చెదిరిపోతున్నాయి. రెండూ ఒకేసారి కనిపించే మార్గం ఉందా?
– బీఎస్సీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ మైక్రోస్కోపులో లోపమేమీ లేదు. సాధారణంగా 0.65 న్యూమరికల్ అపెర్చర్ (కటకం ఎంత వెడల్పు కోణంలో వెలుతురును అందుకుంటుందో చెప్పే సంఖ్య) ఉండే 40ఎక్స్ ఆబ్జెక్టివ్‌కు ఒకేసారి స్పష్టంగా కనిపించే లోతు సుమారు 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే. మందార రేణువు మందమేమో 100 మైక్రాన్లకు పైమాటే. అపెర్చర్‌ను సగానికి తగ్గిస్తే ఈ లోతు దాదాపు నాలుగింతలవుతుంది గానీ, సూక్ష్మ వివరాలను విడదీసి చూపే శక్తి సగానికి పడిపోతుంది. స్లయిడుపైకి వెలుతురును కూర్చే కటకమైన కండెన్సర్ కింది ఐరిస్‌ను (వెలుతురు ద్వారాన్ని) కొంత మూసినా కొంతవరకు ఇదే జరుగుతుంది. మరీ మూస్తే ముళ్ల చుట్టూ లేని గీతలు కూడా కనిపిస్తాయి కనుక, మీ అవసరానికి అది చాలదు.

వివరాన్ని అంతగా కోల్పోకుండా లోతు పెంచే ఉపాయాన్ని 1995లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ డౌస్కీ, థామస్ కేథీ ప్రకటించారు. కటకం ద్వారం దగ్గర ప్రత్యేకమైన వంపుతో చెక్కిన పారదర్శక ఫలకాన్ని అమర్చితే, వస్తువు ఫోకస్‌కు కొంత ముందున్నా వెనకున్నా దాని ప్రతిబింబం ఇంచుమించు ఒకే తీరులో మసకబారుతుంది. ఆ తీరు ముందే తెలుసు కాబట్టి కంప్యూటర్ ఒక్క లెక్కతో మసకను తొలగించగలదు. అయితే ఆ లెక్కలో చిత్రంలోని నాయిస్ (అక్కరలేని చుక్కల గరుకుదనం) కూడా పెరుగుతుంది. కెమెరా షట్టరు తెరిచి ఉన్నంతసేపూ ఫోకస్‌ను పైనుంచి కిందికి జరిపి, ఆ ఒక్క చిత్రాన్నే తర్వాత లెక్కతో శుద్ధిచేసే పద్ధతి ఇంతకన్నా పాతది. జర్మనీకి చెందిన హాయిస్లర్ దాన్ని 1972లోనే ప్రచురించారు. కదిలే జీవకణాలను చిత్రించేవారికి ఇవి విలువైనవే. కదలని పుప్పొడికి ఆ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

మీరు 0.25 అపెర్చర్ గల 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌కు మారండి. దాని లోతు సుమారు 9 మైక్రాన్లు. ఫైన్ ఫోకస్ చక్రంపై ఒక్కో గీత ఎన్ని మైక్రాన్లో చూసుకుని, 6 మైక్రాన్ల చొప్పున దించుతూ రేణువు పైనుంచి కిందివరకు చిత్రాలు తీసి, ఇమేజ్‌జే వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రతి చిత్రంలోని స్పష్టమైన భాగాలను ఒకటిగా కూర్చవచ్చు. మధ్యలో స్లయిడును గానీ వెలుతురును గానీ కదపకండి. అడుగు వైపు ముళ్లు మాత్రం రేణువు గుండా వచ్చే వెలుతురులో కనిపిస్తాయి కాబట్టి, పైవాటంత తేటగా రావు.